పార్లమెంటుకు పిటిషన్: విషయం తేల్చుకోవడం నుంచి కమిటీ నివేదిక దాకా

భారత పౌరులెవరైనా తమ విన్నపాన్ని నేరుగా లోక్‌సభ ముందో రాజ్యసభ ముందో పెట్టుకోవచ్చు. వకీలు అక్కర్లేదు, ఇన్ని వేల సంతకాలు ఉండాలన్న షరతు లేదు, ఒక్కరి సంతకంతో వేసినా చెల్లుతుంది. పిటిషన్లను పరిశీలించే కమిటీ 1924లో, బ్రిటిష్ హయాంలోని కేంద్ర శాసనసభలో మొదలైంది. స్వతంత్ర భారత పార్లమెంటులోనూ అది కొనసాగుతోంది. ఇంత పాత హక్కును మనవాళ్లు వాడుకునేది చాలా తక్కువ. వాడుకున్నవారిలోనూ చాలామంది విషయాన్ని తప్పుగా ఎంచుకునో, కోరిక స్పష్టంగా రాయకో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఢిల్లీకి పంపకముందు ఇంట్లో కూర్చుని చేసే పనే ఇందులో ముప్పాతిక వంతు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

"లక్ష సంతకాలు వస్తే సభలో చర్చ పెడతారట కదా" అని తరచూ అడుగుతుంటారు. అది బ్రిటన్ పద్ధతి. అక్కడ ఆన్‌లైన్ పిటిషన్‌కు పదివేల సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష వస్తే చర్చకు పరిశీలిస్తారు. మన సభల నియమాల్లో అలాంటి లెక్క లేదు. ప్రైవేటు వెబ్‌సైట్లలో సంతకాలు సేకరించడం ప్రచారానికి పనికిరావచ్చు, పార్లమెంటు లెక్కలో మాత్రం అది పిటిషన్ కిందికి రాదు.

1. మీ విషయం పిటిషన్‌కు నిలుస్తుందా?

లోక్‌సభ నియమావళిలో 160వ నియమం మూడు రకాల విషయాలపై పిటిషన్‌ను అనుమతిస్తుంది. ఒకటి, గెజిట్‌లో ప్రచురించిన లేదా సభలో ప్రవేశపెట్టిన బిల్లు. రెండు, సభ ముందు పెండింగులో ఉన్న పనికి సంబంధించినది. మూడు, సాధారణ ప్రజా ప్రయోజనం ఉన్న ఏ విషయమైనా. రాజ్యసభలో 138వ నియమం దాదాపు ఇదే చెబుతుంది. రెండు చోట్లా సభాధ్యక్షుల సమ్మతి కావాలి: లోక్‌సభలో స్పీకర్, రాజ్యసభలో ఛైర్మన్.

చాలామంది వచ్చేది మూడో దారినే. దానికి నాలుగు అడ్డుకట్టలున్నాయి, పిటిషన్లు కూలేది అక్కడే.

మొదటి అడ్డు కోర్టులు. కోర్టు, ట్రిబ్యునల్, విచారణ కమిషన్, అర్ధ న్యాయాధికార సంస్థ (కోర్టు తరహాలో తీర్పిచ్చే సంస్థ), వీటి పరిధిలో ఉన్న విషయాన్ని తీసుకోరు. "ఎందుకైనా మంచిది" అని హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేసి, అదే వారంలో పార్లమెంటుకూ రాసే అలవాటు కొన్ని సంఘాలకు ఉంది. ఆ పిల్లే పిటిషన్‌ను చంపేస్తుంది. రెండింటిలో ఏ దారిన వెళ్లాలో ముందే తేల్చుకోండి. అదే విషయం మీద దేశంలో ఎక్కడైనా మరొకరి కేసు నడుస్తుంటే, మీ పిటిషన్‌లోని కోరిక ఆ కేసులో తేలాల్సిన ప్రశ్నను తాకకుండా చూసుకోండి.

రెండో అడ్డు రాష్ట్రాల పరిధి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసులు, భూమి, వ్యవసాయం, సాగునీరు, ప్రజారోగ్యం, పంచాయతీలు, మున్సిపాలిటీలు రాష్ట్ర జాబితాలోవి. భూమి రికార్డుల్లో పేరు ఎక్కలేదనో, మండలంలో ఆస్పత్రి భవనం ఆగిపోయిందనో లోక్‌సభకు రాస్తే ప్రయోజనం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలకూ పిటిషన్ల కమిటీలున్నాయి, వాటికే పంపాలి. రైల్వేలు, తపాలా, జాతీయ రహదారులు, విమానాశ్రయాలు, బ్యాంకులు, బీమా, టెలికం, రక్షణ కేంద్రానివి, కాబట్టి నిస్సందేహంగా పార్లమెంటుకే. చిక్కంతా ఉమ్మడి జాబితాతో. విద్య, అడవులు, విద్యుత్తు, కార్మిక సంక్షేమం వంటివాటిలో కేంద్ర చట్టంలోని ఏ సెక్షనో, కేంద్రం జారీ చేసిన ఏ నిబంధనో మారాలని చూపించగలిగితే నిలుస్తుంది. "మా జిల్లాలో అమలు సరిగ్గా లేదు" అనే వరకే ఆగితే అది రాష్ట్రం పని అంటారు.

మూడోది, ప్రత్యేక తీర్మానం ద్వారానే లేవనెత్తాల్సినవి. రాష్ట్రపతి, గవర్నర్లు, న్యాయమూర్తులు, ప్రధాన ఎన్నికల కమిషనర్ వంటివారి ప్రవర్తన మీద పిటిషన్ కుదరదు.

నాలుగోది అన్నిటికన్నా ఎక్కువ మందికి అడ్డొస్తుంది: చట్టం కింద పరిష్కారం పొందే దారి ఇప్పటికే ఉంటే పిటిషన్ తీసుకోరు. బీమా కంపెనీ మీ క్లెయిమ్ కొట్టేసిందంటే వినియోగదారుల కమిషన్ ఉంది. కేంద్ర ఉద్యోగికి పదోన్నతి ఆగిందంటే పరిపాలనా ట్రిబ్యునల్ ఉంది. వ్యక్తిగత పనికి కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉంది, అక్కడ 21 రోజుల్లో పరిష్కరించాలని 2024లో గడువు పెట్టారు. సమాచారం కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల గడువుతో. ఇవేవీ పిటిషన్ పనులు కావు.

ఇక్కడ చూపు మార్చుకోవడం తెలియాలి. మీ ఒక్కరి క్లెయిము తిరస్కరణ పిటిషన్‌కు నిలవదు. అదే షరతు వల్ల వేలమంది పాలసీదారులు నష్టపోతున్నారని, నిబంధనలోనే ఖాళీ ఉందని, దాన్ని ఇలా పూడ్చాలని రాస్తే నిలుస్తుంది. "నాకు జరిగింది" నుంచి "ఈ నిబంధన ఇలా మారాలి" దాకా విషయాన్ని నడిపించగలరా? ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాయలేకపోతే పిటిషన్ ఇంకా తయారు కానట్టే.

2. ముందు వెనక్కి తిరిగి చూడండి

మీ విషయం మీద కమిటీ ఇదివరకే నివేదిక ఇచ్చి ఉండవచ్చు. రెండు సభల పిటిషన్ల కమిటీల పాత నివేదికలు పార్లమెంటు వెబ్‌సైటులో ఉన్నాయి. ఒక పూట కేటాయించి వెతకండి, దీనికి మించిన పెట్టుబడి లేదు.

ఉదాహరణకు ఉద్యోగుల పింఛను పథకం-1995. ఆర్టీసీ, ప్రైవేటు మిల్లులు, సహకార సంస్థల్లో పనిచేసి రిటైరైన తెలుగువారికి ఇది బాగా తెలిసిన పథకం. దీనిలో సవరణలు కోరుతూ వచ్చిన పిటిషన్‌పై రాజ్యసభ కమిటీ, భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన, 2013లో నివేదిక ఇచ్చింది. కనీస పింఛను నెలకు 3,000 రూపాయలైనా ఉండాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం 2014 సెప్టెంబరు నుంచి 1,000 రూపాయలుగా నిర్ణయించింది. ఇదే విషయంపై ఇప్పుడు కొత్తగా పిటిషన్ వేసేవారు పథకం చరిత్రంతా మొదటి నుంచి చెప్పనక్కర్లేదు. "కమిటీ 3,000 అంది, ప్రభుత్వం 1,000 ఇచ్చింది, ఆ తర్వాత ధరలు పెరిగాయి, కరవు భత్యం జోడించలేదు" అని నాలుగు వాక్యాల్లో తేల్చి నేరుగా కోరికలోకి వెళ్లవచ్చు. పాత సిఫార్సు మీద నిలబడి అడిగే పిటిషన్‌కు బరువెక్కువ.

3. ఏ సభకు, ఎప్పుడు?

పన్నులు, ఆర్థిక బిల్లు అయితే లోక్‌సభకే. ద్రవ్య బిల్లు మీద రాజ్యసభ 14 రోజుల్లోగా సిఫార్సులు మాత్రమే చేయగలదు. మిగతా విషయాల్లో రెండూ సమానమే, ఒక తేడాతో: లోక్‌సభ రద్దయితే ఆ సభకు సమర్పించి కమిటీ ముందు పెండింగులో ఉన్న పిటిషన్లు మురిగిపోతాయి. రాజ్యసభకు రద్దు లేదు. కాబట్టి లోక్‌సభ గడువు చివరి ఏడాదిలో ఉన్నప్పుడు రాజ్యసభను ఎంచుకోవడమే మేలు.

ఏటా మామూలుగా మూడు సమావేశాలు జరుగుతాయి: బడ్జెట్, వర్షాకాలం, శీతాకాలం. సభలో సమర్పించడం ఆ రోజుల్లోనే సాధ్యం. సెక్రటేరియట్ పరిశీలనకూ, సభాధ్యక్షుల సమ్మతికీ సమయం పడుతుంది గనుక సమావేశాలు మొదలవడానికి నెల ముందే కాగితం ఢిల్లీలో ఉండేలా చూసుకోండి.

బిల్లుల విషయంలో తొందర మరీ ఎక్కువ. ప్రవేశపెట్టిన కొద్ది రోజుల్లోనే ఆమోదం పొందే బిల్లులున్నాయి, ఆమోదం అయ్యాక పిటిషన్‌కు అర్థం లేదు. బిల్లును స్థాయీ సంఘానికో సంయుక్త కమిటీకో పంపితే ఆ కమిటీ పత్రికా ప్రకటన ఇచ్చి ప్రజల నుంచి లిఖిత సూచనలు కోరుతుంది. అప్పుడు పిటిషన్ కన్నా ఆ కమిటీకి గడువులోగా మెమొరాండం పంపడమే సూటి దారి. బిల్లు కమిటీకి వెళ్లకుండా సభ ముందే ఉన్నప్పుడు మాత్రం పిటిషన్‌కు ఒక ప్రత్యేక బలం ఉంది: పిటిషన్‌ను పూర్తిగానో సారాంశంగానో సభ్యులందరికీ పంచమని కమిటీ ఆదేశించవచ్చు.

4. రాయడం

నియమావళి మొదటి షెడ్యూలులో నమూనా ఉంది. స్పీకర్ పేరనో ప్రధాని పేరనో కాకుండా సభ పేరనే రాయాలి. ఉదాహరణకు:

"లోక్‌సభకు,
ఫలానా జిల్లాకు చెందిన (మొదటి పిటిషనరు పేరు), మరికొందరు ఉద్యోగుల పింఛను పథకం-1995 పింఛనుదారులు సవినయంగా సమర్పించుకొను పిటిషన్.
(ఇక్కడ విషయం క్లుప్తంగా)
కనుక పిటిషనర్లు ప్రార్థించునది ఏమనగా: (ఇక్కడ కోరిక)
ఇందుకు పిటిషనర్లు కర్తవ్యబద్ధులై ఎల్లప్పుడూ ప్రార్థించుచుందురు."

దీని కింద పేరు, చిరునామా, సంతకం లేదా వేలిముద్ర, సమర్పించే ఎంపీ ప్రతిసంతకం కోసం చోటు. భాష పాతకాలపు వాసన కొట్టినా ఈ చట్రాన్ని మార్చకండి.

విషయం చెప్పే భాగం రెండు పేజీలు మించకపోతే మంచిది. పేరాలకు అంకెలు వేయండి. ఒక్కో పేరాలో ఒక్కో సంగతి: ఇప్పుడున్న నిబంధన ఏమిటి, దానివల్ల ఎవరికి ఏం జరుగుతోంది, ఇదివరకు ఎవరిని అడిగాం, ఏం జవాబు వచ్చింది, ఏం మారాలి. "లక్షలాది కుటుంబాలు ఆకలితో అలమటిస్తున్నాయి" అనే వాక్యం ఎవరినీ కదిలించదు. "1995 పథకంలో పింఛను లెక్క ఇది: పింఛను లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. అంటే 6,500 జీతంతో 15 ఏళ్లు చేసినవారికి వచ్చేది సుమారు 1,393 రూపాయలు" అని రాస్తే అధికారి దాన్ని దాటి పోలేడు.

పిటిషన్‌కు ఉత్తరాలు, అఫిడవిట్లు, ఇతర పత్రాలు జత చేయకూడదన్నది నియమం. మనవాళ్లకు ఇది మింగుడుపడదు. అర్జీ అంటే జిరాక్సుల కట్ట అనే అలవాటు అంత గట్టిది. జతలు లేవు గనుక ముఖ్యమైన జీవో నంబరు, తేదీ, అంకె, సమాచార హక్కు జవాబులోని సారం, అన్నీ పిటిషన్ పాఠంలోకే రావాలి. అసలు కాగితాలను మాత్రం పేరాల వరుసలో ఫైలు కట్టి ఉంచండి. కమిటీ పిలిచిన రోజున వాటి అవసరం పడుతుంది.

అన్నిటికీ మించి కోరిక. అది లేని పిటిషన్ పిటిషనే కాదు, నియమం అలాగే ఉంది. "పింఛనుదారులకు న్యాయం చేయాలి" అన్నదానిపై కమిటీకి ఏ సిఫార్సూ రాయడం కుదరదు. "పథకాన్ని సవరించి కనీస పింఛనును ఇంత మొత్తానికి పెంచి, దానికి కరవు భత్యాన్ని జోడించాలి" అంటే మంత్రిత్వశాఖ అవుననో కాదనో చెప్పక తప్పదు. ఒక పిటిషన్‌లో ఒకే విషయం పెట్టండి, దానికి రెండు మూడు కోరికలు చాలు. పన్నెండు డిమాండ్ల మహాజరు రాస్తే శాఖ సులువైన రెండింటికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తుంది.

మాట మర్యాదగా ఉండాలన్నది కూడా రాతపూర్వక నియమమే. మంత్రినో అధికారినో దొంగ అన్న ఒక్క మాట చాలు, మిగతా పిటిషన్ ఎంత బాగున్నా వెనక్కి రావడానికి. కోపం ఉండటం సహజం, దాన్ని అంకెల్లో చూపించండి.

5. భాష

పిటిషన్ హిందీలో లేదా ఇంగ్లిషులో ఉండాలి. తెలుగులో రాసుకోవచ్చు, కానీ హిందీ లేదా ఇంగ్లిషు అనువాదం జత చేసి, ఆ అనువాదం మీద కూడా పిటిషనరు సంతకం పెట్టాలి. ఈ రెండో సంతకం మరిచిపోవడం మామూలు పొరపాటు. పది మందితో కలిసి వేసేటప్పుడు తెలుగు ప్రతి తప్పకుండా ఉండాలని మా అభిప్రాయం. దేని మీద సంతకం పెడుతున్నారో సంతకందారులకు తెలియాలి. చదువురానివారికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. కమిటీ చదివేది అనువాదాన్నే కనుక ఆ పని చట్టం పదజాలం తెలిసినవారికి అప్పగించండి.

6. సంతకాలు

ప్రతి ఒక్కరి పూర్తి పేరు, చిరునామా, సంతకం ఉండాలి. ఖాళీ తెల్లకాగితాల మీద ముందే సంతకాలు తీసుకుని తర్వాత పాఠాన్ని కుట్టేయడం చేయకండి. ప్రతి సంతకాల పేజీ పైన పిటిషన్ విషయం, కోరిక అచ్చు వేయించండి. ఒకే చేతిరాతతో ఇరవై సంతకాలు కనిపిస్తే మొత్తం మీద అనుమానం వస్తుంది. ఊరి పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఇంటి నంబరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ కావాలి. విషయం బాగా తెలిసి, కమిటీ ముందు మాట్లాడగల వ్యక్తినే మొదటి పిటిషనరుగా పెట్టండి. సంఘంలో పెద్దాయన అన్న గౌరవంతో ఆ చోటు ఇవ్వకండి, ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చేది ఆ పేరుకే.

7. సమర్పించడం: ఎంపీ ద్వారానా, పోస్టులోనా?

రెండూ చెల్లుతాయి. ఎంపీ చేత ఇప్పిస్తే ఆయన పిటిషన్ మీద ప్రతిసంతకం పెట్టి, సమర్పించబోతున్నట్టు సభ సెక్రటేరియట్ అధిపతి అయిన సెక్రటరీ జనరల్‌కు ముందుగా నోటీసు ఇస్తారు. సభలో "ఫలానా విషయంపై ఇంతమంది సంతకం చేసిన పిటిషన్‌ను సమర్పిస్తున్నాను" అన్న ఒక్క వాక్యం చదువుతారు. దాని మీద ప్రసంగం, చర్చ ఉండవు. ఈ సంగతి ముందే తెలియకపోతే టీవీ ముందు కూర్చున్నవారు నిరాశపడతారు. ఎంపీ తన సొంత పిటిషన్‌ను తానే సమర్పించకూడదు.

మీ నియోజకవర్గ ఎంపీయే కావాలని లేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభలో 25 మంది, రాజ్యసభలో 11 మంది, తెలంగాణ నుంచి 17 మంది, 7 గురు ఉన్నారు. ఈ విషయంపై ఇదివరకు ప్రశ్న అడిగినవారెవరో వెబ్‌సైటులో చూసి వారిని కలవండి. ఎంపీ దగ్గరకు వెళ్లేటప్పుడు పూర్తి పిటిషన్‌తో పాటు పది వాక్యాల సారాంశం, నోటీసు ముసాయిదా కూడా పట్టుకెళితే వారి కార్యాలయంలో ఆలస్యం కాదు.

పోస్టులో పంపితే సెక్రటరీ జనరల్, లోక్‌సభ లేదా రాజ్యసభ సెక్రటేరియట్, న్యూఢిల్లీ అని రాసి స్పీడ్ పోస్టు చేయండి. అంగీకారం పొందితే ఆ సంగతిని సెక్రటరీ జనరల్ సభకు నివేదిస్తారు. విలువలో తేడా లేదు. అయినా వీలుంటే ఎంపీ దారే మంచిది: రేపు శాఖ జవాబు ఆలస్యమైతే అడగడానికి సభలో ఒక మనిషి ఉంటారు.

రాష్ట్రపతి, ప్రధాని, స్పీకర్, ముఖ్యమంత్రి అని ఎనిమిది మందికి ప్రతులు పంపే అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది. వేరే అధికారికి రాసిన ఉత్తరానికి నకలుగా వచ్చినవాటిని, పేరూ చిరునామా లేనివాటిని కమిటీ మామూలుగా పట్టించుకోదు.

8. కమిటీ లోపల ఏం జరుగుతుంది?

సమర్పించిన పిటిషన్ పిటిషన్ల కమిటీకి వెళుతుంది. లోక్‌సభ కమిటీలో కనీసం 15 మంది, రాజ్యసభ కమిటీలో 10 మంది సభ్యులు. అన్ని పక్షాలవారూ ఉంటారు, మంత్రులు ఉండరు. కమిటీ ముందుగా సంబంధిత మంత్రిత్వశాఖ అభిప్రాయం కోరుతుంది. అవసరమనుకుంటే పిటిషనర్లను, శాఖ అధికారులను పిలిచి వాంగ్మూలం తీసుకుంటుంది, క్షేత్ర పర్యటనలూ చేస్తుంది.

పిలుపు వస్తే అదే మీకు అసలు అవకాశం. పది నిమిషాల్లో చెప్పగలిగేలా సిద్ధం కండి, ఫైలులోని కాగితాలకు పేరా నంబర్లు వేసి తీసుకెళ్లండి. శాఖ వాదన ముందే ఊహించి జవాబు రాసుకోండి, ఎక్కువగా అది "ఖజానాపై భారం" అనే ఉంటుంది. భారం ఎంతో మీరే లెక్క వేసి చూపితే చర్చ మీ అంకె చుట్టూ తిరుగుతుంది. నివేదిక సభకు అందేదాకా అక్కడి వాంగ్మూలాలు, పత్రాలు బయటపెట్టకూడదు. బయటికి రాగానే పత్రికలవారికి అన్నీ చెప్పేస్తే సభా హక్కుల ఉల్లంఘన అవుతుంది.

మీ కాగితం పిటిషన్ నియమాలకు సరిపోకపోయినా అంతటితో అయిపోదు. లోక్‌సభ స్పీకర్ ఆదేశాల్లో 95వది అలాంటి ఉత్తరాలను విన్నపాలుగా తీసుకుని పరిశీలించే అధికారం కమిటీకి ఇస్తుంది. లోక్‌సభ కమిటీ నివేదికల్లో ఇలాంటి విన్నపాల మీద వచ్చినవి చాలానే ఉన్నాయి.

9. నివేదిక వచ్చాక

సిఫార్సులు ప్రభుత్వాన్ని కట్టిపడేయవు, అయితే వాటికి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఒకే ర్యాంకు ఒకే పింఛనుపై మాజీ సైనికుల పిటిషన్ మీద రాజ్యసభ కమిటీ 2011 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఒకే ర్యాంకులో ఒకే సర్వీసుతో రిటైరైనవారికి, ఎప్పుడు రిటైరైనా, ఒకే పింఛను ఉండాలన్న నిర్వచనం అందులో ఉంది. ఆ తర్వాతి వాదోపవాదాలన్నిటికీ అదే ఆధారమైంది. 2015 నవంబరులో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు దాన్ని చాలావరకు తీసుకున్నా, పాత పింఛన్లను వెంటవెంటనే కాకుండా అయిదేళ్లకోసారి సవరిస్తామంది. మాజీ సైనికులు పోరాటం కొనసాగించింది ఆ తేడా మీదే.

నివేదిక ప్రతి చేతికి రాగానే సిఫార్సుల భాగాన్ని వేరుగా తీసి ఒక్కోదానికి ఎదురుగా గడువు, బాధ్యత గల శాఖ రాసుకోండి. శాఖ తీసుకున్న చర్యపై కమిటీకి జవాబు ఇస్తుంది, కమిటీ దాన్ని పరిశీలించి మరో నివేదిక ఇస్తుంది. ఈలోగా ప్రతి సమావేశానికి ముందు మీ ఎంపీకి ఒకే ఒక ప్రశ్న రాసివ్వండి: "ఫలానా నివేదికలోని ఫలానా సిఫార్సును ప్రభుత్వం అంగీకరించిందా, లేకుంటే కారణమేమిటి?" సభలో వచ్చిన లిఖిత జవాబును ఫైలులో చేర్చండి. మరోసారి పిటిషన్ వేయాల్సి వస్తే మొదటి పేరా ఆ జవాబుతోనే మొదలవుతుంది.